అసలు ఆటల నుంచి తీసిన చెస్ పజిల్స్: గెలుపు ఎత్తును వరుసగా వెతికే పద్ధతి

"జవాబు చూశాక ఇంతేనా అనిపిస్తుంది. చూడకముందు పావుగంట కూర్చున్నా తట్టదు." చదరంగం నేర్చుకుంటున్నవారు నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే. తెలివి చాలక తట్టకపోవడం అరుదు. చూపు ఏదో ఒక ఆకర్షణీయమైన పావు మీద వాలి, అక్కడే తిరుగుతూ ఉంటుంది. బల్ల మీద మిగతా సగం చూడనే చూడం.

చూపును ఎటు నుంచి ఎటు నడిపించాలో వరుసగా చెప్పడమే ఈ మార్గదర్శి పని. ఇందులో ఐదు నిజమైన ఆటల స్థానాలున్నాయి. దగ్గర చదరంగం బల్ల ఉంటే తీసుకోండి. పావులు పేర్చుకోకుండా చదివితే సగమే ఒంటబడుతుంది.

మాటల విషయం ముందే తేల్చుకుందాం. నిలువుగా, అడ్డంగా నడిచేది ఏనుగు. ఐమూలగా నడిచేది శకటు, కొన్ని ఇళ్లలో దీన్నే ఒంటె అంటారు. అన్ని దిక్కులా వెళ్లేది మంత్రి. గడులకు అంతర్జాతీయ పద్ధతే: నిలువు వరుసలు ఎ నుంచి హెచ్ దాకా, అడ్డ వరుసలు 1 నుంచి 8 దాకా, తెలుపు వైపు నుంచి లెక్క.

## 1. కూర్చునే ముందు

పజిల్‌కు మూడు నిమిషాలు అని గడియారం పెట్టుకుని మొదలుపెట్టవద్దు. లిచెస్ అనే చదరంగం వెబ్‌సైట్‌లోని స్టార్మ్ వంటి వేగపు పోటీలు సరదాకు బాగుంటాయి, తెలిసిన నమూనాలను గుర్తుచేసుకోవడానికీ పనికొస్తాయి. వెతకడం మాత్రం అక్కడ అలవడదు. నేర్చుకునే దశలో ఒక పజిల్‌కు పది నిమిషాల వరకు ఇవ్వండి.

స్థాయి ఎంచుకునేటప్పుడు నేను పాటించే లెక్క ఇది: పదింటిలో ఆరేడు సరిగ్గా రావాలి. పదీ వస్తుంటే మీరు వెతకడం లేదు, గుర్తుపడుతున్నారంతే. మూడే వస్తుంటే ఊహిస్తున్నారు.

మొదటి ఎత్తుకు ముందు సరిచూసుకోవలసినవి:

- ఎత్తు ఎవరిది, తెలుపుదా నలుపుదా?
- బల్ల ఎటు తిరిగి ఉంది? ఫోనులో నలుపు కింద కనిపిస్తే బంట్ల దిశ తారుమారైనట్టు అనిపిస్తుంది.
- చెయ్యి ఒడిలో ఉందా? నవ్వులాటకు అనడం లేదు. వేలు తెర మీద ఉంటే అది ఆలోచన కన్నా ముందు కదులుతుంది.
- పక్కన కాగితం, పెన్ను ఉన్నాయా?
- పజిల్ పైన ‘రెండు ఎత్తుల్లో ఆటకట్టు’ వంటి శీర్షిక ఉంటే దాన్ని కప్పేశారా? ఆటలో ఎవరూ మీ చెవిలో ఆ మాట చెప్పరు.

## 2. ఎత్తు వెతకకండి, ముందు స్థానాన్ని చదవండి

మొదటి నిమిషం ఏ ఎత్తునూ తలచుకోవద్దు. కేవలం చూడండి. పారిస్‌లో 1858లో పాల్ మార్ఫీ ఇద్దరు ప్రభువులతో ఆడిన ఆటలోని స్థానం పేర్చుకోండి. ఎత్తు తెలుపుది.

- తెలుపు: రాజు సి1, మంత్రి బి3, ఏనుగు డి1, శకటు జి5, బంట్లు ఎ2, బి2, సి2, ఇ4, ఎఫ్2, జి2, హెచ్2
- నలుపు: రాజు ఇ8, మంత్రి ఇ6, ఏనుగు హెచ్8, శకటు ఎఫ్8, గుర్రం డి7, బంట్లు ఎ7, ఇ5, ఎఫ్7, జి7, హెచ్7

ఇప్పుడు ఐదు ప్రశ్నలు, ఇదే వరుసలో.

పావుల లెక్క ఎంత? తెలుపుకు ఒక గుర్రం తక్కువ, రెండు బంట్లు ఎక్కువ. అంటే నెమ్మదిగా ఆడుకుంటూ పోతే తెలుపుకు లాభం లేదు. ఏదైనా ఉంటే ఇప్పుడే ఉండాలి.

ఎదుటివారి చివరి ఎత్తు ఏమి వదిలేసింది? నిజమైన ఆటల పజిల్స్‌లో ఇది బంగారం లాంటి ప్రశ్న. ఎవరో తీరిగ్గా కల్పించిన సమస్యల్లో చివరి ఎత్తు అనేది ఉండదు, ఇక్కడ ఉంటుంది. లిచెస్‌లో ఆ ఎత్తు మీ కళ్ల ముందే కదులుతుంది, చాలామంది దాన్ని చూడరు. ఈ ఆటలో నలుపు గుర్రం అప్పుడే ఎఫ్6 నుంచి డి7కి వచ్చి ఒక శకటును కొట్టింది. ఎఫ్6 ఖాళీ అయింది. దాంతో జి5 శకటు చూపు ఎఫ్6, ఇ7, డి8 గడుల మీదుగా సాగిపోయింది.

నలుపు రాజు ఎక్కడికి వెళ్లగలదు? చుట్టూ ఉన్న ఐదు గడులనూ వేలితో చూపించి లెక్కపెట్టండి. డి8, ఇ7 గడులు శకటు అదుపులో ఉన్నాయి. డి7, ఎఫ్7, ఎఫ్8 గడుల్లో సొంత పావులే అడ్డు. రాజుకు ఒక్క గడి కూడా లేదు! ఇది తెలిశాక వెతుకులాట మారిపోతుంది: అడ్డుకోలేని, కొట్టలేని చెక్ ఏదైనా ఆటకట్టే.

కాపలా లేని పావులు ఏవి? రెండు వైపులా చూడండి. మీవి కూడా.

ఏ పావు ఏ పని మీద ఉంది? డి7 గుర్రం లేకపోతే తెలుపు ఏనుగు డి8లో దిగి ఆటకట్టు. అంటే ఆ గుర్రానికి ఒక ఉద్యోగం ఉంది: డి వరుసను మూసి ఉంచడం. ఉద్యోగంలో ఉన్న పావు దొరికితే తరువాతి ప్రశ్న తనంతట తానే వస్తుంది. దాన్ని అక్కడి నుంచి లాగేది ఎలా?

‘ఇది లేకపోతే’ అనుకునే ఈ అలవాటు ఒక్కటే పట్టుబడినా మీ పజిల్స్ సగం తేలికవుతాయి. ఆటకట్టు బొమ్మను ముందు ఊహించి, దానికి అడ్డుగా నిలిచిన పావును వేలెత్తి చూపి, ఆ తరువాతే ఎత్తు గురించి ఆలోచించండి.

## 3. జాబితా రాయండి: చెక్‌లు, కొట్టుళ్లు, బెదిరింపులు

ఇప్పుడు కాగితం మీదికి రండి. ముందుగా చెక్‌లు అన్నీ. ‘బాగున్నవి’ మాత్రమే కాదు, అన్నీ. వెర్రిగా కనిపించేవి కూడా. తీర్పు తరువాత.

మార్ఫీ స్థానంలో తెలుపుకు ఎన్ని చెక్‌లున్నాయి? చాలామంది నాలుగైదు అంటారు. రాసి చూస్తే రెండే:

1. మంత్రి ఇ6లోని మంత్రిని కొట్టి చెక్
2. మంత్రి బి8లో చెక్

మొదటిదానికి ఎఫ్7 బంటు తిరిగి కొడుతుంది. మంత్రులు రెండూ పోయాయి, మనకు గుర్రం లోటు అలాగే ఉంది. రెండోది మంత్రిని ఊరికే ఇచ్చేసినట్టు కనిపిస్తుంది. కాని నలుపు ఏమి చేయగలదో చూడండి. రాజుకు గడి లేదు. సి8లోనో డి8లోనో అడ్డుపెట్టే పావు లేదు, నలుపు మంత్రికి దారిలో తన గుర్రమే అడ్డం. మిగిలింది ఆ గుర్రం బి8లో మంత్రిని కొట్టడమే. గుర్రం ఉద్యోగం వదిలేసింది. ఏనుగు డి8లో ఆటకట్టు.

ఈ వ్యాసం కోసం ఐదు స్థానాలనూ మళ్లీ పేర్చి చెక్‌లు లెక్కపెట్టినప్పుడు నాకే ఆశ్చర్యం వేసింది. ఐదింటిలోనూ ఎత్తు వేయవలసినవారికి ఉన్న చెక్‌లు సరిగ్గా రెండే. నాలుగింటిలో ఆ రెంటిలో ఒకటి జవాబు. అంటే ఏళ్ల తరబడి అందరూ నోరు తెరిచి చూస్తున్న ఎత్తులు, రెండు పంక్తుల జాబితా రాస్తే అందులో ఉంటాయి. అన్ని స్థానాల్లోనూ జాబితా ఇంత పొట్టిగా ఉండదు. ఉన్నప్పుడైనా రాయకపోవడం మన తప్పు.

ఇప్పుడు మీ వంతు. వియన్నా, 1910. రిచర్డ్ రెటి తెలుపు, సావెల్లీ టార్టకోవర్ నలుపు. ఎత్తు తెలుపుది.

- తెలుపు: రాజు సి1, మంత్రి డి3, ఏనుగులు డి1, హెచ్1, శకట్లు డి2, ఎఫ్1, గుర్రం జి1, బంట్లు ఎ2, బి2, సి2, ఎఫ్2, జి2, హెచ్2
- నలుపు: రాజు ఇ8, మంత్రి ఇ5, ఏనుగులు ఎ8, హెచ్8, శకట్లు సి8, ఎఫ్8, గుర్రాలు బి8, ఇ4, బంట్లు ఎ7, బి7, సి6, ఎఫ్7, జి7, హెచ్7

నలుపు గుర్రం అప్పుడే ఎఫ్6 నుంచి ఇ4కి వచ్చి గుర్రాన్ని కొట్టింది. మార్ఫీ ఆటలో ఖాళీ అయిన గడి గుర్తుందా? మళ్లీ అదే ఎఫ్6. జి5 నుంచి డి8 దాకా ఐమూల తెరుచుకుంది.

చెక్‌లు: మంత్రి డి7లో, మంత్రి డి8లో. డి7లో అయితే మూడు పావులు కొట్టగలవు, ఒరిగేదేమీ లేదు. డి8లో అయితే రాజు ఒక్కటే కొట్టగలదు. కొట్టాక రాజు, తెలుపు ఏనుగు ఒకే నిలువు వరుసలో, మధ్యలో డి2 శకటు మాత్రమే. శకటు కదిలితే ఏనుగు చెక్, శకటు కూడా చెక్ చెబితే జంట చెక్. జంట చెక్‌ను అడ్డుపెట్టి ఆపలేం, ఒక పావును కొట్టి తప్పించుకోలేం. రాజు కదలవలసిందే.

శకటు ఎక్కడికి? ఇక్కడే చాలామంది జారిపోతారు. ఎ5కి వెళ్లినా జంట చెక్కే. కాని అప్పుడు ఇ7 గడి ఖాళీగా ఉంది, రాజు దర్జాగా నడిచి వెళ్తుంది. మనకు మంత్రి లేదు. జి5కి వెళితే ఇ7 మూసుకుపోతుంది. రాజుకు రెండే దారులు: ఇ8కి వస్తే ఏనుగు డి8లో ఆటకట్టు, సి7కి వెళితే శకటు డి8లో ఆటకట్టు. ఆలోచన ఒకటే అయినా గడి తేడాతో ఒకటి గెలుపు, ఇంకొకటి ఓటమి. అందుకే ‘జంట చెక్ ఉంది’ అని సంబరపడి ఆగకూడదు.

చెక్‌లు తేలకపోతే కొట్టుళ్ల జాబితా, అదీ తేలకపోతే బెదిరింపుల జాబితా. వరుస మార్చవద్దు. చెక్‌కు ఎదుటివారి జవాబులు తక్కువ, కొట్టుడుకు కొంచెం ఎక్కువ, బెదిరింపుకు చాలా ఎక్కువ. తక్కువ కొమ్మలున్న చెట్టు ముందు ఎక్కాలి.

## 4. ఎదుటివారు ఏమి చేయబోతున్నారు?

న్యూయార్క్, 2016 నవంబరు 30. ప్రపంచ టైటిల్ పోరులో మాగ్నస్ కార్ల్‌సన్, సెర్గీ కర్యాకిన్ ర్యాపిడ్ టైబ్రేక్ (పోరు సమమైతే విజేతను తేల్చే వేగపు ఆటలు) చివరి ఆట. ఎత్తు తెలుపుది, కార్ల్‌సన్‌ది.

- తెలుపు: రాజు హెచ్1, మంత్రి ఎఫ్4, ఏనుగులు సి8, ఎఫ్5, బంట్లు ఇ4, ఎఫ్3, హెచ్2, హెచ్5
- నలుపు: రాజు హెచ్7, మంత్రి ఎఫ్2, ఏనుగు ఎ2, శకటు ఇ7, బంట్లు బి6, డి6, ఎఫ్7, జి7

జాబితా రాసే ముందు నలుపు స్థానంలో కూర్చోండి. ‘ఇప్పుడు ఎత్తు నాదైతే?’ మంత్రి ఎఫ్1లో ఆటకట్టు. జి2లో కూడా. అంటే తెలుపు నింపాదిగా ఒక ఎత్తు వేస్తే ఆట అయిపోతుంది. కార్ల్‌సన్ ముందున్నవి రెండే మార్గాలు: చెక్ చెబుతూ పోవడం, లేదా రక్షణకు దిగడం. గెలుపు వెతుకుతున్నాం గనుక చెక్‌ల జాబితా ఒక్కటే చాలు. మిగతా ఎత్తులన్నీ ఒక్క దెబ్బకు కొట్టివేయవచ్చు. ఎదుటివారి బెదిరింపును చూడటం పని పెంచదు, తగ్గిస్తుంది.

చెక్‌లు రెండు: ఏనుగు హెచ్8లో, మంత్రి హెచ్6లో. ఏనుగును రాజు ఊరికే కొట్టేస్తుంది. మంత్రిని కొట్టడానికి రెండు దారులున్నాయి, రెండూ రాసి చూడండి.

- జి7 బంటు కొడితే: ఏనుగు ఎఫ్7 బంటును కొట్టి ఆటకట్టు. జి8, హెచ్8 గడులను సి8 ఏనుగు, జి6ను హెచ్5 బంటు కాస్తున్నాయి. ఎఫ్2లోని నలుపు మంత్రి ఆ ఏనుగును కొడదామంటే ఎఫ్3 బంటు అడ్డం.
- రాజు కొడితే: సి8 ఏనుగు హెచ్8లో ఆటకట్టు. జి5, హెచ్5 గడులను ఎఫ్5 ఏనుగు, జి6ను మళ్లీ ఆ హెచ్5 బంటే కాస్తున్నాయి.

ఆ హెచ్5 బంటును గమనించండి. రెండు కొమ్మల్లోనూ జి6ను మూసింది అదే. పజిల్ చూసేటప్పుడు మన కళ్లు పెద్ద పావుల మీదే ఉంటాయి. బంట్లు కాసే గడులను విడిగా ఒకసారి లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి.

## 5. ప్రతి జవాబుకూ ఒక కొమ్మ గీయండి

సరైన మొదటి ఎత్తు కనుక్కుని కూడా పజిల్ పోగొట్టుకునేది ఇక్కడే. ‘నేను ఇలా వేస్తాను, అతను అలా కొడతాడు, నేను గెలుస్తాను.’ అతను అలానే ఎందుకు కొట్టాలి? ఎదుటివారు మన కోరిక ప్రకారం ఆడరు.

బ్రెస్లావ్, 1912. స్టెపాన్ లెవిట్స్కీ తెలుపు, ఫ్రాంక్ మార్షల్ నలుపు. ఎత్తు నలుపుది.

- తెలుపు: రాజు జి1, మంత్రి జి5, ఏనుగులు సి5, ఎఫ్1, బంట్లు ఎ2, సి2, ఎఫ్2, జి2, హెచ్2
- నలుపు: రాజు జి8, మంత్రి సి3, ఏనుగులు ఎఫ్8, హెచ్3, గుర్రం డి4, బంట్లు ఎ7, బి7, ఇ6, జి7, హెచ్7

చదవండి. నలుపుకు ఒక గుర్రం ఎక్కువ. కాని సి3 మంత్రి మీద ఏనుగు, హెచ్3 ఏనుగు మీద జి2 బంటు కన్నేశాయి. రెండూ దెబ్బలో ఉన్నాయి.

చెక్‌లు రెండు: గుర్రం ఇ2లో, గుర్రం ఎఫ్3లో. ఐదు స్థానాల్లో చెక్ జవాబు కానిది ఇదొక్కటే. కొట్టుళ్లలోనూ ఇంత సూటిగా తేల్చేది లేదు. కనుక బెదిరింపుల దాకా రావాలి. హెచ్2 మీద నలుపు ఏనుగు ఇప్పటికే గురిపెట్టి ఉంది, దానికి మంత్రి తోడైతే ఆటకట్టు. మంత్రి ఎక్కడి నుంచి హెచ్2ను చూడగలదు? మార్షల్ దాన్ని జి3లో పెట్టాడు. మంత్రి, ఎఫ్ బంటు, హెచ్ బంటు, మూడూ కొట్టగల గడి అది.

ఇప్పుడు కొమ్మలు.

కొమ్మ ఒకటి, హెచ్2 బంటు కొడితే. గుర్రం ఇ2లో చెక్. హెచ్ వరుస తెరుచుకుంది, హెచ్1, హెచ్2 గడులు హెచ్3 ఏనుగు అదుపులో ఉన్నాయి. ఆటకట్టు.

కొమ్మ రెండు, ఎఫ్2 బంటు కొడితే. గుర్రం ఇ2లో చెక్, రాజు హెచ్1కి. ఎఫ్ వరుస తెరుచుకుంది గనుక ఎఫ్8 ఏనుగు ఎఫ్1 ఏనుగును కొట్టి ఆటకట్టు.

కొమ్మ మూడు, మంత్రి కొడితే. ఇది అసలైనది. గుర్రం ఇ2లో చెక్, రాజు హెచ్1కి, గుర్రం జి3లో మంత్రిని కొట్టి మళ్లీ చెక్. హెచ్2 బంటు గుర్రాన్ని కొట్టలేదు: దాని వెనుక రాజు, ముందు హెచ్3 ఏనుగు. ఎఫ్2 బంటు కొడితే ఎఫ్1లో ఆటకట్టు. కనుక రాజు జి1కి. గుర్రం ఎఫ్1 ఏనుగును కొడుతుంది, జి2 బంటు హెచ్3 ఏనుగును కొడుతుంది, గుర్రం డి2కి తప్పుకుంటుంది. నలుపుకు ఒక గుర్రం మిగులు, బంట్లు ఐదుకు ఐదు.

కొమ్మ నాలుగు, ఎవరూ కొట్టకపోతే. తెలుపు ఊరకుంటే మంత్రి హెచ్2లో ఆటకట్టు.

మొదటి రెండు కొమ్మలు చూసి ‘దొరికింది’ అని వేసేవారు, మూడో కొమ్మలో ఆటకట్టు కాకుండా గుర్రం లాభం మాత్రమే మిగిలేసరికి కంగారు పడతారు. కంగారు అక్కరలేదు. గెలుపు ఎత్తు అంటే ఎప్పుడూ ఆటకట్టే కానక్కరలేదు. ఎదుటివారి *అత్యుత్తమ* జవాబు తరువాత కూడా మనం స్పష్టంగా పైన ఉండాలి, అంతే.

కొమ్మలు గీసేటప్పుడు అడగవలసినవి:

- ఈ పావును ఎన్ని పావులు కొట్టగలవు? ఒక్కోదానికి ఒక గీత.
- కొట్టకుండా వదిలేస్తే నా తరువాతి ఎత్తు ఏమిటి?
- మధ్యలో ఎదుటివారికి చెక్ ఉందా? నా చెక్‌కు జవాబుగా తిరుగు చెక్ వస్తుందా?
- కొట్టగలదనుకున్న పావు నిజంగా కదలగలదా, రాజుకు కట్టుబడి ఉందా (కదిలితే సొంత రాజుకే చెక్ పడుతుందా)?

## 6. చివర్లో పావులు లెక్కపెట్టండి

కొమ్మ ఎక్కడ ఆపాలి? చెక్‌లు, కొట్టుళ్లు, పెద్ద బెదిరింపులు అయిపోయి బల్ల నిశ్శబ్దమైన చోట. అక్కడ రెండు వైపులా పావులు లెక్కపెట్టండి. ‘మంత్రిని కొట్టాను’ అన్న సంతోషంలో అంతకుముందు మనం ఇచ్చిన ఏనుగును మరిచిపోవడం చాలా మామూలు.

## 7. తరచూ జరిగే తప్పులు, వాటికి మందులు

మొదటి మెరుపుకే చెయ్యి కదలడం. మందు: మొదటి ఆలోచనను కాగితం మీద రాసి, దాన్ని ఓడించడానికి ఒక నిమిషం కేటాయించండి. ఓడకపోతే వేయండి.

పాత గడిలో పావు కనిపించడం. మనసులో మూడు ఎత్తులు నడిచాక, ఎప్పుడో కదిలిపోయిన గుర్రం ఇంకా అక్కడే కాపలా కాస్తున్నట్టు భ్రమ. ఖాళీ అయిన గడినీ కొత్తగా నిండిన గడినీ పైకి చదవండి: ‘ఎఫ్6 ఖాళీ, డి7లో గుర్రం.’ ఇంట్లోవాళ్లు వింతగా చూస్తారు, పరవాలేదు.

ప్రతి పజిల్‌కూ బలి వెతకడం. మంత్రి బలులు అందంగా ఉంటాయి గనుకే నేనూ అవే చూపించాను. అసలు ఆటల్లో జవాబు కాపలా లేని శకటును కొట్టడమే కావడం కూడా మామూలే. మందు: కాపలా లేని పావుల ప్రశ్నను దాటవేయవద్దు.

రెండు ఎత్తుల వరుస తారుమారు కావడం. ఆలోచన సరైనదే, ఎత్తులు మాత్రం తలకిందులు. జవాబు తప్పు అని వస్తే ఆలోచనను పారేయకముందు రెండో ఎత్తును మొదట వేసి చూడండి.

గెలిచేశాం అనుకుని స్టేల్‌మేట్‌లో పడటం, అంటే ఎదుటి రాజుకు చెక్ లేకుండానే వారికి వేయడానికి ఎత్తే లేక ఆట సమం కావడం. దీనికి పాత ఉదాహరణ ఒకటి చెప్పకుండా ఉండలేను. తెలుపు రాజు సి2, బంటు సి7. నలుపు రాజు ఎ1, ఏనుగు డి4. ఎత్తు తెలుపుది. 1875 నాటి ఒక ఆట ముగింపు నుంచి పుట్టి, 1895లో సావేద్రా అనే మతాధికారి చూపు వల్ల పేరు పొందిన స్థానమిది. బంటును సి8లో మంత్రిగా మారిస్తే నలుపు ఏనుగు సి4లో చెక్ చెబుతుంది. మంత్రి దాన్ని కొట్టక తప్పదు, కొడితే స్టేల్‌మేట్. మంత్రికి బదులు *ఏనుగు*గా మార్చాలి. అప్పుడు ఎ8లో ఆటకట్టు బెదిరింపు. నలుపు ఏనుగు ఎ4కి వచ్చి ఆపుతుంది. తెలుపు రాజు బి3కి వస్తుంది: ఆ ఏనుగు మీదా దెబ్బ, సి1లో ఆటకట్టూ సిద్ధం. రెండూ ఒకేసారి ఆపలేరు.

ఎదుటివారికి రాజు, ఇంకొక పావు మాత్రమే మిగిలినప్పుడు ‘ఆ పావు పోతే రాజుకు ఎత్తు ఉందా?’ అని అడిగి తీరాలి.

## 8. జవాబు తెలిశాక ఐదు నిమిషాలు

తప్పిన పజిల్‌ను వెంటనే దాటి తరువాతిదానికి వెళ్లడం పరీక్ష రాసి పేపరు చింపేసినట్టే. నోటుపుస్తకంలో మూడు పంక్తులు రాయండి: స్థానం, నేను వేసినది, నేను *ఏ మెట్టులో* తప్పాను. చివరిదే ముఖ్యం. ‘చెక్‌ల జాబితా రాయలేదు’, ‘కొమ్మ మూడు చూడలేదు’, ‘నా మీది బెదిరింపు కనిపించలేదు’ అని. నెల తిరిగేసరికి ఒకే వాక్యం పదిసార్లు కనిపిస్తుంది. మీ జబ్బు అదే.

మీరు వేసిన తప్పు ఎత్తును కంప్యూటర్ ఎలా ఓడించిందో కూడా చూడండి. సరైన జవాబు ఎందుకు సరైనదో చెప్పడం కన్నా మీది ఎందుకు పనిచేయదో చెప్పగలగడం కష్టం. నేర్పేది రెండోదే. తప్పినవాటిని వారం ఆగి మళ్లీ పేర్చండి.

పజిల్స్ బాగా వస్తూ ఆటలో రానివారికి ఒక మాట. పజిల్‌లో ‘ఇక్కడ ఏదో ఉంది’ అని ముందే తెలుసు, ఆటలో ఎవరూ గంట కొట్టరు. ఆ గంట మీరే కొట్టుకోవాలి. ఎదుటివారి రాజు చుట్టూ గడులు తగ్గినప్పుడు, వారి పావు ఏదైనా కాపలా లేకుండా నిలిచినప్పుడు, వారి చివరి ఎత్తు ఒక వరుసనో ఐమూలనో తెరిచినప్పుడు ఆగి, జాబితా రాయండి. దీనికి సాధన: కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ, అర్జున్ ఇరిగేసి ఆటలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఒక ఆట తీసి, పదిహేనో ఎత్తు నుంచి ప్రతి ఎత్తుకూ ముందు తెర కప్పి, ‘ఇక్కడ ఏదైనా ఉందా, లేదా?’ అన్నది మాత్రమే చెప్పండి. ‘లేదు’ అని సరిగ్గా చెప్పగలగడం కూడా విద్యే.

## 9. ఇది మీరే చేయండి

మాస్కో, 1966. ప్రపంచ టైటిల్ పోరు పదో ఆట. టిగ్రాన్ పెట్రోస్యాన్ తెలుపు, బోరిస్ స్పాస్కీ నలుపు. ఎత్తు తెలుపుది.

- తెలుపు: రాజు హెచ్1, మంత్రి బి2, గుర్రాలు డి6, ఇ3, బంట్లు ఎ2, బి3, సి4, డి5, హెచ్2
- నలుపు: రాజు జి8, మంత్రి జి5, ఏనుగు ఎఫ్7, గుర్రం ఎ5, బంట్లు ఎ6, బి5, సి5, హెచ్7

కింది వరుసలో కాగితం మీద రాసి, ఆ తరువాతే ముందుకు చదవండి:

- పావుల లెక్క
- నలుపు చూపు ఏ తెలుపు పావు మీద ఉంది?
- తెలుపు చెక్‌లు అన్నీ
- ఒక్కో చెక్‌కు నలుపు జవాబులు అన్నీ
- నలుపు రాజు, మంత్రి, ఏనుగు: ఈ మూడింటినీ కలిపే గుర్రపు గడి ఏదైనా ఉందా?

రాశారా? నలుపు మంత్రి ఇ3 గుర్రం మీద కన్నేసి ఉంది. తెలుపు చెక్‌లు రెండు: మంత్రి జి7లో, మంత్రి హెచ్8లో. జి7లో మూడు పావులు కొట్టగలవు. హెచ్8లో రాజు ఒక్కటే, కొట్టడం తప్ప దానికి వేరే ఎత్తూ లేదు. రాజు హెచ్8కి వచ్చాక డి6 గుర్రం ఎఫ్7 ఏనుగును కొడుతుంది. అక్కడి నుంచి హెచ్8 రాజుకు చెక్, జి5 మంత్రి మీద దెబ్బ, రెండూ ఒకేసారి. రాజు తప్పుకోగానే గుర్రం మంత్రిని కొడుతుంది. చివరి లెక్క: తెలుపుకు రెండు గుర్రాలు, ఐదు బంట్లు, నలుపుకు ఒక గుర్రం, నాలుగు బంట్లు. మంత్రి హెచ్8లో వాలగానే స్పాస్కీ ఓటమి ఒప్పుకున్నాడు.

పజిల్ ఇంకా అయిపోలేదు. నలుపు మంత్రిని జి5 నుంచి జి6కి జరిపి మళ్లీ చూడండి. అప్పుడు గుర్రం ఎఫ్7లో చెక్ చెప్పినా మంత్రి దాన్ని కొట్టేస్తుంది, మన మంత్రి ఊరికే పోయినట్టు. మరి హెచ్6లో ఉంటే? ఎఫ్7 గుర్రం చూపు హెచ్6 మీద కూడా పడుతుంది. ఇలా ఒక్క పావును ఒక్కో గడి జరిపి, ఉపాయం ఎక్కడ బతుకుతుందో ఎక్కడ చస్తుందో గుర్తు పెట్టుకోండి. పెట్రోస్యాన్ 1956లోనే సిమాగిన్‌తో ఆటలో మంత్రిని ఇదే హెచ్8 గడిలో బలి ఇచ్చి గెలిచాడు. ఆ ఆటను వెతికి, నోటుపుస్తకంలో దీని పక్క పేజీలో పేర్చుకోండి.